మన్రో విగ్రహం దాటుతుంటే నాకొచ్చే కోపం

సెంట్రల్ వైపు నుంచి మౌంట్ రోడ్డు ఎక్కితే ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రమ్మీద ఒక దొర విగ్రహం కనిపిస్తుంది. గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. చిన్నప్పుడు బస్సు అటు వెళ్లినప్పుడల్లా నాన్న నా భుజం తట్టి చూపించేవారు. "చూడమ్మా, మన పత్తికొండలో పోయిన దొర." మాది పత్తికొండ పక్క పల్లె. నాన్న ఉద్యోగానికని మద్రాసొచ్చి విల్లివాక్కంలోనే ఉండిపోయారు. మా ఊరికీ ఈ ఊరికీ చుట్టరికం ఏంటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ గుర్రమే గుర్తొస్తుంది.

థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు మన దత్తమండలాలకు కలెక్టరు. వెళ్లిపోయే ముందు, ఇక్కడి శిస్తు రైతు మోయలేడు, నాలుగో వంతు తగ్గించండి అని పైవాళ్లకు రాశాడు. వాళ్లు ఒప్పుకోలేదు. 1820లో మద్రాసు గవర్నరై తిరిగొచ్చాక, తాను అప్పుడు అడిగిన తగ్గింపును తానే అమలు చేశాడు. 1827లో ఇక పదవి వదిలి వెళ్లిపోదామనుకుంటూ, చివరిసారి ఆ ఊళ్లు చూడాలని బయలుదేరాడు. దారిలో కలరా సోకింది. జులై 6న పత్తికొండలో ప్రాణం పోయింది. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత ఇక్కడి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తెచ్చారు. మా వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు.

తెల్లవాళ్ల పాలన మంచిదని నేననడం లేదు. ఆయన కంపెనీ మనిషి, శిస్తు పిండుకోవడానికే ఆ కంపెనీ వచ్చింది. ఆయన్ని ఎవరూ ఓటేసి తెచ్చుకోలేదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నాక, జనానికి అవసరమైన కాగితం మీద సంతకం పెట్టాడు. ఇవాళ మనకు రాజ్యాంగం ఉంది, అసెంబ్లీ ఉంది, ఓటుంది. అయినా జనం కాగితం ఆ కుర్చీ దగ్గరే ఆగిపోతోంది. నా బాధంతా ఇదే.

తమిళనాడు సంగతే చూడండి. 2020 నుంచి 2023 దాకా అసెంబ్లీ పాస్ చేసి పంపిన బిల్లుల్లో పదింటిని గవర్నర్ ఆర్.ఎన్. రవి ఆపి ఉంచారు. సుప్రీంకోర్టు గట్టిగా మాట్లాడాక 2023 నవంబరులో ఆమోదం ఇవ్వకుండా తిప్పి పంపారు. అసెంబ్లీ మళ్లీ కూర్చుని ఆ పదింటినీ మళ్లీ పాస్ చేసింది. అప్పుడు ఆయన వాటిని రాష్ట్రపతికి పంపారు. 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పి, బిల్లులకు ఆమోదం వచ్చినట్టేనని తేల్చింది. హమ్మయ్య అనుకున్నాం. అదే ఏడాది నవంబరులో, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబుగా ఐదుగురు జడ్జీలు వేరే మాట చెప్పారు: గవర్నర్‌కు కోర్టు గడువు పెట్టడానికి వీల్లేదు, ఆమోదం వచ్చినట్టే అనుకోవడమూ కుదరదు. అలాగని కారణం చెప్పకుండా ఎంతకాలమైనా ఊరుకోవడం తగదని కూడా అన్నారు. సరే, ఎంతకాలం అయితే మరీ ఎక్కువ? దానికి అంకె లేదు.

ఆ బిల్లుల్లో చాలావరకు యూనివర్సిటీలవి, వైస్ ఛాన్సలర్‌ను ఎవరు నియమించాలన్నదే తగువు. మా అమ్మాయి చదివిన చోట వీసీ కుర్చీ ఖాళీ. కాన్వొకేషన్ వాయిదా మీద వాయిదా. ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు ఒరిజినల్ డిగ్రీ అడుగుతున్నారు, దాని దగ్గర ప్రొవిజనల్ కాగితం ఒక్కటే ఉంది. ఆ పిల్లకు రాత్రిళ్లు నిద్ర లేదు, నాకు టెన్షన్. ఎవరిది తప్పు అని అడిగితే ఒకరు సెక్రటేరియట్ వైపు, ఇంకొకరు గవర్నరుండే గిండీ వైపు చూపిస్తారు.

ఇది ఒక్క పార్టీ జబ్బని అనుకోకండి. 1984 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ గవర్నరు రామ్‌లాల్ ఏం చేశారో మన ఇళ్లలో ఎవరూ మర్చిపోలేదు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి అప్పుడే వచ్చిన ఎన్టీఆర్‌ను దించేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. మెజారిటీ తనదేనంటూ ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబడాల్సి వచ్చింది. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మా వీధిలో ఆ రోజు మిఠాయిలు పంచారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇంకా ఎక్కువ నొప్పి కలిగించేది మా జిల్లావాడి కథ. కర్నూలు జిల్లా మనిషి పెండేకంటి వెంకటసుబ్బయ్య 1989లో కర్ణాటక గవర్నరు. కొందరు ఎమ్మెల్యేలు మద్దతు లేదని రాసిన ఉత్తరాలు పట్టుకుని, అక్కడి ముఖ్యమంత్రి బొమ్మై ప్రభుత్వాన్ని దించమని ఢిల్లీకి రాశారు. ఆ సంతకాల్లో కొందరు వెంటనే మాట మార్చారు. అసెంబ్లీ పెట్టండి, బలం అక్కడే చూపిస్తానని బొమ్మై మొత్తుకున్నారు. వినలేదు. బలం తేల్చాల్సింది సభలోనే అని సుప్రీంకోర్టు 1994లో చెప్పిన బొమ్మై తీర్పు అక్కడి నుంచి పుట్టిందే. అప్పటికి ఐదేళ్లు గడిచిపోయాయి, పోయిన ప్రభుత్వం తిరిగి రాలేదు. మనవాడు పెద్ద పదవిలో ఉన్నాడని మా నాన్న ఎంతో పొంగిపోయేవారు. ఆ వార్త చదివిన రోజు అన్నం సరిగ్గా తినలేదు.

గిండీలోనూ మనవాళ్లు గవర్నర్లుగా పనిచేశారు. చెన్నారెడ్డికీ జయలలితకూ అస్సలు పడలేదు. 1995లో ఆమెపై ప్రాసిక్యూషన్‌కు ఆయన అనుమతిచ్చారు. తర్వాత 2011 నుంచి 2016 దాకా రోశయ్య, గొడవ లేకుండా ఐదేళ్లు ముగించి వెళ్లారు. తెలుగువాడా, తమిళుడా, బిహారీయా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మనిషి మంచివాడైతే నడుస్తుంది, కాకపోతే ఆగుతుంది అన్నట్టుంది ఆ పదవి. అదే నాకు మింగుడుపడదు.

బిల్లు నచ్చకపోతే గవర్నర్ తిప్పి పంపాలి, ఎందుకు నచ్చలేదో రాసి పంపాలి. ఆ హక్కు ఉండాల్సిందే, అసెంబ్లీలు కూడా పిచ్చి చట్టాలు చేస్తాయి. కానీ తిప్పి పంపేటప్పుడు 'వీలైనంత త్వరగా' అని మాత్రమే రాజ్యాంగం ఆర్టికల్ 200లో ఉంది. ఆ మాట తీసేసి మూడు నెలలు అని రాయండి. కోర్టు రాయలేనంటోంది కాబట్టి పార్లమెంటే రాయాలి. చెన్నైలో ఉన్న తెలుగువాళ్లం ఇక్కడి ఎంపీకి ఒక ఉత్తరం, సొంతూరి ఎంపీకి ఒక ఉత్తరం రాద్దాం. నావి రెండూ సోమవారం పోస్టులో వేస్తున్నాను, మా అమ్మాయి ప్రొవిజనల్ సర్టిఫికెట్ జిరాక్స్ జతపెట్టి.