ఆ కొబ్బరి నూనె గుడ్డ అవతల పడేయండి

టేకు సైడ్ టేబుల్ మెరుపు తగ్గిందని అనగానే చుట్టుపక్కల నలుగురూ చెప్పే మందు ఒకటే: కాస్త కొబ్బరి నూనె రాయండి, కొత్తదానిలా అయిపోతుంది. అవుతుంది, రెండు రోజులు. మూడో రోజు నుంచి దాని మీద దుమ్ము పేరుకుంటుంది, చెయ్యి పెడితే జిడ్డు. మెరుపు మళ్లీ తగ్గిందని ఇంకోసారి రాస్తారు. ఏడాది తిరిగేసరికి కాళ్ల మూలల్లో నల్లటి మడ్డి.

అవిసె నూనె, టంగ్ ఆయిల్ లాంటివి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరి, గట్టి పొరగా మారతాయి. కొబ్బరి, వేరుశెనగ, ఆలివ్ నూనెలకు ఆ గుణం లేదు. ఎన్నాళ్లు ఉంచినా నూనెగానే ఉంటాయి, పైగా ముక్కిపోయి వాసన వేస్తాయి. తర్వాత పాలిష్ వేయిద్దామంటే కొత్త పూత ఆ జిడ్డు మీద పట్టదు. మేస్త్రి ముందు అదంతా గీకి తీయాలి, ఆ కూలి మీదే. సిలికాన్ కలిపిన మెరుపు స్ప్రేలదీ ఇదే కథ. వాటి మీద కొత్త పూత వేస్తే అక్కడక్కడా గుండ్రటి గుంటలు పడి విడిపోతుంది.

అసలు చిక్కేమిటంటే, టేబుల్ పైన ఉన్న పూత ఏమిటో తెలుసుకోకుండా అందరూ వైద్యం మొదలుపెడతారు. అమ్మినవాడి కార్డు మీద "మెత్తని పొడి గుడ్డతో తుడవండి, ఎండ తగలనివ్వకండి" అని ఉంటుంది. అది ప్లాస్టిక్ కుర్చీకీ వర్తిస్తుంది. పూత పేరొక్కటి రాసి ఉంటే సగం టేబుళ్లు బతికేవి.

తెలుసుకోవడం ఐదు నిమిషాల పని. టేబుల్ తిరగేసి, పైపలక అడుగున కనపడని చోట, పాలిష్ ఉన్న భాగం మీద, డీనేచర్డ్ స్పిరిట్ (పాలిష్‌లో కలిపే ఆల్కహాల్) ముంచిన ఇయర్‌బడ్ ఒక నిమిషం ఆనించి ఉంచండి. జిగురుగా అయి దూదికి రంగు అంటితే అది లక్క పాలిష్. మనవాళ్లు ఫ్రెంచ్ పాలిష్, స్పిరిట్ పాలిష్ అనేది దీన్నే. స్పిరిట్‌కు ఏమీ కాకుండా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కు మెత్తబడితే ఎన్‌సీ లాకర్. రెండింటికీ చలించకపోతే మెలమైన్ గానీ పీయూ (పాలీయురేథేన్) గానీ. పైన ఒక నీటి చుక్క వేసి పది నిమిషాలు చూడండి. ఇంకిపోయి ముదురు మచ్చ పడిందంటే పూతంటూ ఏమీ మిగల్లేదు, ఉంటే పాత నూనో మైనమో ఉంది.

పీయూ, మెలమైన్ ఉన్న టేబుల్‌కు నూనె, మైనం అక్కర్లేదు. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, వెంటనే పొడి గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. నూనె ఆ పొర దాటి చెక్కలోకి పోనే పోదు, కాబట్టి "చెక్కకు పోషణ" అన్న మాటే అక్కడ అర్థం లేనిది.

లక్క పాలిష్ వేరే జాతి. చూపుకు దానంత లోతైన మెరుపు ఇంకే పూతకూ రాదని నా అభిప్రాయం, కానీ దానికి ఆల్కహాల్ అంటే పడదు. మంచం పక్కన టేబుల్ మీద ఏముంటాయి? శానిటైజర్ సీసా, సెంటు సీసా. శానిటైజర్‌లో చాలాభాగం ఆల్కహాలే. ఒక్క చుక్క జారి అడుగున చేరితే సీసా అంటుకుపోతుంది, లాగితే పాలిష్ ఊడివస్తుంది. ఏటికొప్పాక లక్క పని చేసిన కాళ్లు, పిడులు ఉన్న బల్లలకూ ఇదే జాగ్రత్త. అక్కడ అంకుడు కర్రను తరిణి (లేత్) మీద తిప్పుతూ, రాపిడి వేడికి లక్క కరిగేలా ఒత్తి పూస్తారు. రంగూ పూతా రెండూ ఆ లక్కే, శానిటైజర్ గుడ్డ తగిలితే రెండూ పోతాయి. ఎన్‌సీ లాకర్‌కు శత్రువులు వేరు: గోళ్ల రంగు తీసే ద్రవం, లాంప్ కింద ఉండే మెత్తటి రబ్బరు, పీవీసీ మ్యాట్లు. వాటిలోని మెత్తదనం తెచ్చే రసాయనం నెమ్మదిగా పూతలోకి దిగి అచ్చు వేసినట్టు మరక చేస్తుంది. లాంప్ కింద ఫెల్ట్ ముక్కో నూలు గుడ్డో వేయండి.

ఇక మరకలు. తెల్ల వలయం, నల్ల వలయం ఒకటి కావు, మందులూ ఒకటి కావు. వేడి కాఫీ గ్లాసు పెడితే వచ్చే తెల్ల వలయం పూతలో చిక్కిన తేమ, చెక్కకు ఏమీ కాలేదు. ముందు రెండు రోజులు ఊరికే వదిలేయండి, కొన్ని వాటంతటవే పోతాయి. పోకపోతే పెట్రోలియం జెల్లీ రాసి రాత్రంతా ఉంచి తుడవండి. అప్పటికీ ఉంటే, అది లక్క పాలిషే అని తేలితే, మెత్తని నూలు గుడ్డకు అతి కొద్దిగా స్పిరిట్ తగిలించి (తడిగా కాదు, చల్లగా అనిపించేంత) వలయం మీదుగా ఆగకుండా గాలికి తాకినట్టు రెండు మూడుసార్లు లాగండి. గుడ్డ ఒక్క క్షణం ఆగినా పూత లేచిపోతుంది.

నల్ల వలయం అంటే నీళ్లు పూత దాటి చెక్కలోకి దిగాయి. చెక్కలోని టానిన్, నీళ్లు, ఇనుము మూడూ కలిస్తే వచ్చే నలుపు అది. తుప్పు పట్టిన డబ్బా అడుగు, పూలకుండీ ఇనుప స్టాండు దీనికి మూలం. తోళ్లు ఊనడానికి తుమ్మ చెక్కు వాడేది టానిన్ కోసమే కదా, అందుకే తుమ్మ బల్లల మీద ఈ నలుపు మరీ ఎక్కువ. పైన ఏం రుద్దినా పోదు. ఆ పలక మీద పూత మొత్తం తీసేసి, గాజు లేదా ప్లాస్టిక్ గిన్నెలో 250 మి.లీ. వేడినీళ్లకు 25 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కరిగించి, బ్రష్‌తో పలక అంతా పూయాలి. మరక మీదే పూస్తే అక్కడ మాత్రం పాలిపోయి కొత్త మచ్చ అవుతుంది. అరగంట తర్వాత చూసి, కావాలంటే ఇంకోసారి. ఆపైన మంచినీళ్లతో మూడుసార్లు తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. ఇది విషం: చేతికి గ్లౌజులు, పిల్లలకు దూరం. సరిగ్గా కడగకుండా గరుకు కాగితం పడితే ఆ పొడి ముక్కులోకి పోతుంది, మాస్కు తప్పనిసరి. పసుపు మరకకు మాత్రం ఇవేవీ వద్దు. కిటికీ పక్కన పెట్టి నాలుగు రోజులు ఎండ తగలనివ్వండి, పసుపు రంగు వెలుతురుకు నిలవదు.

మన ఇళ్లలో సైడ్ టేబుళ్లను చంపుతున్నది పైనుంచి కాదు, కింద నుంచి. రోజూ ఫినాయిల్ నీళ్లతో ఇల్లు తుడుస్తాం. కాలి అడుగు అంటే చెక్క అడ్డంగా కోసిన ముఖం. చెట్టు నీళ్లు పైకి లాక్కున్న సన్న గొట్టాలన్నీ అక్కడ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా ఆ ముఖం నీళ్లు తాగుతుంది. పైనంతా అద్దంలా మెరిపించిన మేస్త్రి అక్కడ ఒక్క పూత కూడా వేసి ఉండడు, ఎవరూ చూడరు కాబట్టి. ఏడాదిలో కాళ్ల కింది రెండంగుళాలు నల్లబడి, పూత పొలుసులుగా లేస్తుంది. చెదలకు కావలసిందీ ఆ తడే.

కొత్త టేబుల్ ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని ఇది: తిరగేసి, కాళ్ల అడుగులను 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, పీయూ లేదా వార్నిష్‌ను మొదటిసారి సగానికి సగం థిన్నర్ కలిపి పూయండి. అది మొత్తం తాగేస్తుంది. ఆరాక చిక్కగా ఇంకో రెండు పూతలు, తాగడం ఆగేదాకా. ఆపైన నాలుగైదు మి.మీ. ఎత్తున్న నైలాన్ బుష్‌లు కొట్టించండి. ఫెల్ట్ వద్దు. తడిగుడ్డ తిరిగే నేల మీద అది స్పంజిలా నీళ్లు పట్టుకుని కాలికి అంటించి ఉంచుతుంది.

పగుళ్ల సంగతి. పైపలక చీలగానే "కలప మంచిది కాదు, మోసం" అంటారు. చాలాసార్లు కలప మంచిదే, బిగించిన పద్ధతి తప్పు. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. 450 మి.మీ. వెడల్పున్న టేకు పలకలో తేమ నాలుగు శాతం మారితే సుమారు మూడు మి.మీ. తేడా వస్తుంది, టేకు తక్కువ కదిలే కలప అయి కూడా. వానాకాలం నుంచి మే నెలకు, లేదా మచిలీపట్నం గాలి నుంచి రాత్రంతా ఏసీ నడిచే గదికి మారినప్పుడు ఆ తేడా మామూలే. పలకను కింది చట్రానికి చుట్టూ ఫెవికాల్ పూసి, స్క్రూలు బిగించేస్తే ఆ మూడు మి.మీ. ఎక్కడికి పోవాలి? పలకే చీలాలి.

కాబట్టి కొనేముందు టేబుల్ తిరగేయండి, దుకాణంవాడు ఎలా చూసినా సరే. చట్రంలో మధ్య స్క్రూకు గుండ్రటి బెజ్జం, పక్కవాటికి అడ్డంగా సాగదీసిన బెజ్జాలు ఉండాలి: 4 మి.మీ. స్క్రూకు 5 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. పొడవు, మీద వాషర్. లేదంటే గాడిలో జారే చెక్క బిళ్లలైనా ఉండాలి. పలక అడుగునా పాలిష్ ఉందో లేదో చూడండి. ఒకవైపే పూత ఉంటే రెండో వైపు తేమ వేగంగా పీల్చి పలక వంగుతుంది. ఇప్పటికే చీలిన పలకలో ఎండాకాలం రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి కూరకండి. వానలకు చెక్క ఉబ్బి మూసుకోబోతే ఆ ముద్ద అడ్డుపడి పక్కన ఇంకో చీలిక తెస్తుంది. ముందు స్క్రూలు వదులు చేసి బెజ్జాలు సాగదీయించండి, అతుకు తర్వాత.

అమెరికాకు ఇక్కడి టేబుళ్లు పంపించుకునేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. చలికాలం హీటర్ నడిచే ఇంట్లో గాలి తేమ 25 శాతానికి పడిపోవడం కొత్తేమీ కాదు. కోస్తాలో చేసిన బల్లకు అది ఎడారితో సమానం. చవక తేమ మీటరు ఒకటి గోడకు తగిలించి, హ్యుమిడిఫయర్‌తో 35–40 దగ్గర ఉంచండి. హీటర్ గాలి పడే చోట పెట్టకండి.

కాలు కదిలితే మేకు కొట్టించొద్దు. కుసి (బెజ్జంలో దూర్చే చెక్క కొస) దగ్గర చెక్క చీలి, తర్వాత బాగుచేయడానికి ఏమీ మిగలదు. కీలు ఊడదీసి, పాత జిగురు పూర్తిగా గీకి (పాత ఫెవికాల్ మీద కొత్తది పట్టదు), కొత్తది పూసి, తాడు చుట్టి కర్రతో మెలిపెట్టి ఒక రోజంతా వదిలేయండి.

టేబుల్ కింద సన్నటి పిండి రాలుతూ, ఒకటి రెండు మి.మీ. బెజ్జాలు కనిపిస్తే అది పుచ్చు పురుగు. చేవ చుట్టూ ఉండే తెల్ల భాగాన్నే ఎక్కువగా తింటుంది, అందుకే తెల్ల చారలున్న కాలు కొనకండి. కిరోసిన్ కాసేపు ఊరటే తప్ప లోపలి పిల్ల పురుగుల దాకా పోదు. పెస్ట్ కంట్రోల్ వాళ్లతో ఒక్కో బెజ్జంలో సిరంజితో మందు ఎక్కించాలి.

మైనం రాసే ముచ్చట ఉంటే లక్క, నూనె పూతల మీద ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. 100 గ్రాముల తేనెమైనం వేడినీటి గిన్నెలో పెట్టి కరిగించి, పొయ్యి ఆపేశాక 300 మి.లీ. టర్పెంటైన్ కలపండి. పలుచగా రాసి, పావుగంట ఆగి, పొడి గుడ్డతో రుద్దండి. మందంగా రాస్తే మళ్లీ జిడ్డే. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే నిప్పంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి, గట్టిపడ్డాకే పారేయండి.