మా అత్తమ్మ వాట్సాప్ స్టేటస్ చుట్టూ వెలిగే ఆకుపచ్చ గీతకు

ఆకుపచ్చ గీతా,

ఇక్కడ మేమంతా క్షేమం. ఆ సంగతి నీ పుణ్యమా అని హన్మకొండ, కాజీపేట, పరకాల, నర్సంపేటల్లో అందరికీ ఇప్పటికే తెలుసు కాబట్టి వేరే రాయక్కర్లేదు.

నేనెవరో గుర్తుపట్టావా? సుబేదారిలో, మా అత్తమ్మ డీపీ చుట్టూ రోజూ వెలుగుతుంటావే, ఆ ఇంటి కోడల్ని. ముఖం చూస్తే గుర్తుపడతావులే. ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికి తెచ్చిన అరగంటకే జుట్టు రేగిపోయి, చేతికి సెలైన్‌తో, నోరు తెరుచుకుని నిద్రపోతున్న నన్ను నీలో పెట్టేశారు. ముందు పాప, వెనక నేను. పాప కాలికి కట్టిన ట్యాగ్ మీద నా పేరు, పుట్టిన తేదీ, టైము, బరువు 2 కిలోల 900 గ్రాములు, అన్నీ కళ్లద్దాలు లేకుండా చదువుకునేంత బాగా వచ్చాయి. అత్తమ్మ ఫోన్‌లో కెమెరా మంచిది. మేమే కొనిచ్చాం.

మత్తు దిగి "పాపేది?" అని నేనడిగేసరికి పాపను 140 మంది చూసేశారు. నేను 141.

ఆ తర్వాత ఇరవైఒకటో రోజు వేడుక వచ్చింది. ఒక్క ఫోటో పెడితే నువ్వు నిండు గీతవి. రెండు పెడితే రెండు ముక్కలు. తొట్టెలలో వేసిన ఆ రోజు నువ్వు గీతలా లేవు, పూసల దండలా ఉన్నావు. తొట్టెలలో పాప, తొట్టెల పక్కన మేనత్త, మేనత్త చేతిలో పాప, పాప లేని తొట్టెల. నొక్కుతూ పోతుంటే బొటనవేలు నొప్పి పుట్టింది.

ఇంతవరకూ నవ్వుకున్నాను. స్నానం వీడియో దగ్గర నవ్వు ఆగింది.

తానం పోసే అవ్వ కాళ్లు చాపుకుని, పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి చెంబుతో వేడినీళ్లు పోస్తోంది. పాప ఒంటి మీద నూలుపోగు లేదు. వెనకాల సినిమా పాట. ఇంట్లో మేం చూసుకుంటే ఎంత ముద్దుగా ఉంటుంది! కానీ అత్తమ్మ నంబరు ఎవరి దగ్గరుందో, ఎవరి నంబరు అత్తమ్మ దగ్గరుందో వాళ్లందరికీ నువ్వు కనపడతావు. ఆమె ఫోన్ తెరిచి చూశాను. పాలాయన. గ్యాస్ బండి. చిట్టీలామె. ఏసీ పిల్లగాడు. హంటర్ రోడ్ ప్లాటు. ఇందులో చివరిది ప్లాటు కాదు, బ్రోకరు. మా పెండ్లికి ముందెప్పుడో ఒకసారి స్థలం చూపించాడట. స్థలం కొనలేదు. నంబరు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు నా కూతురి స్నానం ఆయన చూస్తాడు.

ఇరవైనాలుగు గంటలైతే నువ్వే మాయమైపోతావు కదా, ఇంకెందుకు టెన్షన్ అంటావేమో. మాయమయ్యేది నువ్వు. స్క్రీన్‌షాట్ ఎక్కడికీ పోదు. పరకాల చిన్నమామయ్య డీపీలో మూడు వారాలుగా ఉన్నది మా పాపే. అంతకన్నా విచిత్రం, మొన్న మా ఆఫీసు గ్రూపులో ఎవరో పంపిన కార్డు. పొద్దుతిరుగుడు పువ్వు, పక్కన బోసినవ్వుతో ఒక పసిపిల్ల, కింద "శుభోదయం". ఆ బోసినవ్వు నేను కన్నదే. పంపినాయనకు ఆ పిల్ల ఎవరో తెలియదు. నేను కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఏం చెప్పమంటావు మరి?

ఆ సాయంత్రం ధైర్యం చేసి అడిగేశాను. "అత్తమ్మా, పాప ఫోటోలు స్టేటస్‌లో పెట్టకండి."

"నా మన్మరాలు. నేను పెట్టుకుంట. నీకేమాయె?"

చెప్పాల్సిందంతా చెప్పాను. ముఖం, పుట్టిన తేదీ, తల్లి పేరు, రేపు బ్యాంకువాళ్లు అడిగేవి ఇవేనని, అవన్నీ ముందే ఊరికి పంచిపెట్టామని చెప్పాను. ఐదేళ్లలోపు పిల్లల వేలిముద్రలు ఆధార్‌వాళ్లు కూడా తీసుకోరన్నాను. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"నువ్వు కోటల కడుపు మీద చెయ్యేసుకోని దిగిన ఫోటోలు పెట్టలేదా?"

పెట్టాను. ఏడో నెలలో, ఓరుగల్లు కోటలో, కీర్తి తోరణం ముందు, గాలికి ఎగిరే పొడవాటి గౌనులో. ఫోటోగ్రాఫర్‌కు 8,000 ఇచ్చి మరీ పెట్టాను. అది నా కడుపు కదా అందామనుకున్నాను. లోపల ఉన్నదెవరో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మూడు రోజులు మాటల్లేవు. ఆ మూడు రోజులూ నీలో ఎర్ర గులాబీ, దాని మీద "అయినవాళ్లే ఆంక్షలు పెడితే ఎవరికి చెప్పుకోను" అని ఉండింది. అది కూడా 160 మంది చూశారు. అందులో పాలాయన "ఏమైందమ్మా?" అని అడిగాడట.

రాజీ కుదిర్చే బాధ్యత మా ఆయన నెత్తినేసుకున్నాడు. లా చదవలేదు కానీ గూగుల్ చదువుతాడు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం ముందేశాడు. దాని ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. అయితే సొంతానికీ ఇంటి అవసరాలకూ వాడుకునే మనుషులకు ఆ చట్టం వర్తించదు. అంటే నానమ్మ చట్టానికి అందదు. దాంతో ఆయన ఏకంగా నెదర్లాండ్స్ వెళ్లిపోయాడు. 2020 మేలో అక్కడి కోర్టు ఒక పెద్దావిడను, ఫేస్‌బుక్‌లోనూ పింటరెస్ట్‌లోనూ పెట్టిన మనవల ఫోటోలు తీసెయ్యమంది. తియ్యకుంటే రోజుకు 50 యూరోల జరిమానా, మొత్తం 1,000 యూరోల దాకా.

"యాబై యూరోలంటే ఎంతరా?"

"సుమారు ఐదు వేలమ్మా."

అత్తమ్మ కాసేపు ఆలోచించింది. "కేసు ఎవ్వరేసిండ్రు? కోడలా?"

"కాదమ్మా. కూతురే. ఆవిడ అమ్మమ్మ."

"గట్లనా! మరి గీ ముచ్చట మీ అత్తమ్మకు చెప్పినవా?" అని నా వైపు చూసింది. జనగామలో ఉండే మా అమ్మ గురించన్నమాట.

చట్టం ఓడిపోయింది. చివరికి పని చేసింది మిరపకాయలు.

ఒక రాత్రి పాప ఒకటే ఏడుపు. పాలు తాగదు, భుజం దిగదు. అత్తమ్మ గుప్పెట్లో రాళ్లుప్పు, ఎండు మిరపకాయలు పట్టుకుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. ఒక్కరికీ దగ్గు రాలేదు. అత్తమ్మ ముఖం మారిపోయింది. ఘాటు రాలేదంటే గట్టి దిష్టి.

"ఎవ్వరు చూసిండ్రో ఏమో. ఇయ్యాల గడప గూడ దాటలె పిల్ల."

ఈమె పాప అరికాలికి కాటుక చుక్క పెట్టనిదే వాకిట్లోకి కూడా తేదు. ఇరవైఒకటి దాటేదాకా పక్కింటామెను కూడా తొంగి చూడనివ్వలేదు. నేనేమీ మాట్లాడకుండా ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. పొద్దున పెట్టిన ఫోటో కింద కన్ను బొమ్మ, పక్కన 187 ఉంది. నొక్కితే పేర్లు వచ్చాయి.

అద్దాలు పెట్టుకుని పొయ్యి వెలుగులో ఒక్కో పేరూ చదివింది. బ్రోకరును దాటేసింది. గ్యాస్ బండిని దాటేసింది. ఏసీ పిల్లగాడి దగ్గర "పాపం మంచోడే" అంది. ఒక పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"గిదేంది! గీమె గూడ చూసిందా?"

కరీంనగర్ యారాలు, అంటే అత్తమ్మ తోటికోడలు. భూమి పంపకాలప్పటి నుంచి మాటలు బంద్ అయి మూడేండ్లు. నంబర్లు మాత్రం ఇద్దరూ తీసెయ్యలేదు.

నిమిషంలో నువ్వు మాయమయ్యావు. తెల్లారి అత్తమ్మే వచ్చి, ఆ ఒక్కామెకు కనపడకుండా పెట్టొచ్చటగా, పెట్టు అంది. పెట్టాను. చెయ్యి పెట్టాను కదా అని ఇంకో 160 పేర్లు కూడా టిక్ కొట్టేశాను. బట్టల్లేని ఫోటో వద్దు, ట్యాగులు, తేదీలు కనిపించేది వద్దు అన్నదానికి కూడా ఆ ఊపులోనే ఒప్పుకుంది. చూసేవాళ్లు గింత తగ్గిన్రేంది అని మొన్న అడిగితే, నెట్‌వర్క్ అత్తమ్మా అన్నాను. తప్పే. కానీ ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఇంత రాసి ముగిద్దామనుకుంటుంటే నిన్న రాత్రి మళ్లీ వెలిగావు. ఈసారి జనగామలో. మొన్నటి మేడారం జాతరలో పాపకు నిలువెత్తు బంగారం మొక్కు తీర్చాం. తక్కెడలో ఒకపక్క అక్కడ బంగారమని పిలిచే బెల్లం ముద్దలు, ఇంకోపక్క ఏమీ అర్థం కాక పెదవి విరిచిన మా ఏడు కిలోల పిల్ల. అది మా అమ్మ ఇప్పుడు పెట్టింది. జాతరలో జనం చూడలేదా అంటుంది, అడిగితే. నాలుగు రోజులకు అమ్మవార్లు కూడా వనానికి వెళ్లిపోయారు, ఫోటో మాత్రం వెళ్లదమ్మా అని చెప్పాలి. ఇంకా చెప్పలేదు. బట్టలైతే ఉన్నాయి కదా అని సర్దుకున్నాను. నెదర్లాండ్స్ సంగతి కూడా ఎత్తలేదు.

అత్తమ్మ అది చూసి నాకు చూపించి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేనూ చూశాను. రెండుసార్లు. ఆ పెదవి విరుపు భలే వచ్చింది. అమ్మ ఫోన్‌లో కన్ను బొమ్మ నొక్కితే నా పేరు ఈపాటికే కనిపించి ఉంటుంది.

ఇట్లు,
141