విజిల్ ఊదడమే కదా, దానికేం కష్టం?

"ఫుట్‌బాల్ రెఫరీ అంటే విజిల్ ఉన్న వాచ్‌మన్" అని మొదలయ్యే మెసేజ్ ఈ వారంలో నాకు ఏడుసార్లు వచ్చింది. మొదటిసారి నవ్వి ఊరుకున్నాను. ఏడోసారి పంపింది ఎవరో కాదు, కాజీపేటలో నాతోపాటు లైన్ మీద జెండా పట్టుకుని పరుగెత్తిన అన్నే. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

రెఫరీ బంతి తన్నడు కాబట్టి అలసిపోడట. తన్నడు, నిజమే. కదిలిపోతున్న బస్సు వెనక ఉరికేవాడు కూడా బస్సును తన్నడు.

క్రికెట్ అంపైర్‌లా ఒకచోట నిలబడితే చాలట. ఇది రాసినవాడు ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూసి ఉండడు. పెద్ద స్థాయి మ్యాచ్‌లో రెఫరీ 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు, మిడ్‌ఫీల్డర్‌కు దాదాపు సమానం. అదీ ఒకే వేగంతో కాదు, కాసేపు నడక, కాసేపు జాగింగ్, కార్నర్ నుంచి బంతి అటు తిరిగిందంటే ఒక్కసారిగా ఉరుకుడు, తర్వాత వెనక్కి అడుగులేస్తూ కళ్ళు మాత్రం ఆట మీదే. ఫిఫా రెఫరీలకు (మగవాళ్ళకు) పెట్టే పరీక్షలో 40 మీటర్లు 6 సెకన్లలో ఉరకాలి, ఆరుసార్లు, మధ్యలో ఒక్క నిమిషం విరామం. అదయ్యాక 75 మీటర్లు 15 సెకన్లలో పరుగు, 25 మీటర్లు 18 సెకన్లలో నడక, ఇలా 40 సార్లు. మెసేజ్ రాసినాయన్ని హనుమకొండ జేఎన్ స్టేడియానికి రమ్మనండి, స్టాప్‌వాచ్ నేనే తెస్తా.

లైన్‌మన్‌ది, అంటే గీత పక్కన జెండా పట్టుకుని ఉరికే అసిస్టెంట్ రెఫరీది, సగం గ్రౌండే అన్నదానికి జవాబు అక్కర్లేదు. డిఫెండర్లు కదిలేకొద్దీ కదిలే ఆఫ్‌సైడ్ గీత పట్టుకుని గంటన్నర పక్కకు అడుగులేస్తే మర్నాడు తొడలే చెబుతాయి.

నాకు కోపం తెప్పించింది నాలుగోది. నలభై దాటినవాళ్ళు కూడా రెఫరీలుగా ఉన్నారు కాబట్టి ఎవరైనా చేయొచ్చట, షుగర్ ఉన్నవాళ్ళు వాకింగ్ మానేసి ఎండాకాలం టోర్నమెంట్లలో విజిల్ పట్టుకుంటే మందులే అక్కర్లేదట. 2002 ప్రపంచ కప్ ఫైనల్ నడిపించిన ఇటలీ రెఫరీ కొలీనాకు అప్పుడు 42 ఏళ్ళు, కానీ ఆయన పొద్దున లేచి విజిల్ కొనుక్కుని గ్రౌండ్‌లోకి దిగలేదు కదా. మన దగ్గర మే నెల ఎండ ఎట్లుంటదో వేరే చెప్పాలా? అందులో ఉరికితే గుండె అటు కండరాలకూ, ఇటు ఒళ్ళు చల్లబడటానికి చర్మానికీ రక్తం పంపాలి, చెమటకు ఒంట్లో నీళ్ళు తగ్గేకొద్దీ దాని పని ఇంకా పెరుగుతుంది. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్ళకు ఇంత శ్రమతో షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమటలు, కళ్ళు తిరగడం చూసి అందరూ ఎండదెబ్బే అనుకుంటారు. మందులు మానేయమని చెప్పడానికి ఈయన ఏ ఆస్పత్రిలో డాక్టరో! గ్రూపులో ఉన్న బాబాయిలందరికీ దండం పెట్టి చెబుతున్నా, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, విజిల్ తర్వాత ఊదొచ్చు.

మధ్యలో నీళ్ళు తాగే రెఫరీకి విలువ ఉండదని ఇంకో ముక్క. ఎండ ఎక్కువైతే కూలింగ్ బ్రేక్ 90 సెకన్ల నుంచి 3 నిమిషాల దాకా ఇవ్వొచ్చని ఆట నిబంధనల్లోనే ఉంది. విలువ సంగతి అటుంచి, తాగండి.

ఒక్క మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. "మన ఊరి మ్యాచుల్లో రెఫరీ సెంటర్ సర్కిల్ దాటడు" అని చివర్లో ఉంది. దాటం, నిజమే. పొద్దున రెండు, సాయంత్రం రెండు మ్యాచులు ఒక్కడితోనే నడిపిస్తే మూడోదానికల్లా కాళ్ళు మొండికేస్తాయి. ఒకసారి స్కూలు పిల్లల మ్యాచ్‌లో నలభై మీటర్ల దూరం నుంచి పెనాల్టీ ఇచ్చాను. ఫౌల్ గోల్ ముందు గీసిన బాక్స్ లోపల జరిగితేనే పెనాల్టీ. ఒక పిల్లవాడు "బాక్స్ బయట సార్, బయట సార్" అని గీత దగ్గర నిలబడి చూపిస్తూనే ఉన్నాడు. అక్కడిదాకా వెళ్ళి చూసే ఓపిక కూడా నాకు లేకపోయింది.