ముద్దకో పద్దు

ఇరవై రెండేళ్లుగా అకౌంట్ల విభాగంలో పనిచేస్తున్నాను. రూపాయి తేడా వస్తే రాత్రి పదకొండు దాకా కూర్చుని పట్టుకున్న రోజులున్నాయి. అలాంటి నేను ఈ పదకొండు నెలల్లో ఒక్క పూట భోజనం లెక్కను కూడా టాలీ చేయలేకపోయాను. ఇది నా చేతకానితనమే అయితే ఇంట్లో దాచుకునేవాణ్ణి. కానీ లోపం పద్దుల పుస్తకంలోనే ఉందని రుజువు చేయగలను కనుక, ప్రజాప్రయోజనం దృష్ట్యా బయటపెడుతున్నాను.

జనవరి ఒకటిన మా అబ్బాయి నా ఫోనులో కేలరీల యాప్ వేసిపెట్టాడు. డిసెంబరులో నా రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరుగారు పెట్టిన మొహం దానికి కారణం. రోజుకి 1,700 కేలరీలు మంజూరయ్యాయి. పిండిపదార్థం గ్రాముకి 4, మాంసకృత్తులు గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9. ఆదాయపు పన్నులో కూడా ఇంత తేటగా రేట్లు ఉండవు. ముచ్చటేసింది.

అన్నం అని కొట్టగానే, ఎన్ని కప్పులు అని అడిగింది. మా ఇంట్లో అన్నానికి హస్తం ఉంది, పులుసుకి గుంటగరిటె ఉంది, కాఫీకి గ్లాసుంది. అన్నం కొలిచే కప్పు మూడు తరాలుగా లేదు. ఆరా తీస్తే అది సుమారు 240 మిల్లీలీటర్ల అమెరికా కప్పని తేలింది. చరిత్ర కాస్త గుర్తుచేసుకోండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ అని మా తాతగారు కళ్లు మూసుకుని అప్పజెప్పేవారు. 1956లో చట్టం చేసి, ప్రపంచమంతా కిలోల్లోకి వెళుతోంది మనమూ వెళ్దామని వాటన్నిటినీ అటకెక్కించాం. ఇప్పుడు కిలోకి ఇంకా పూర్తిగా లొంగని ఒక దేశపు కప్పు వచ్చి మన కంచం పక్కన కూర్చుంది. దీనికంటే మా మానికే నయం కదా?

సరేనని వంటింటి త్రాసు కొన్నాను. గ్రాముతో సహా చూపిస్తుంది. కంచం దాని మీద పెట్టగానే అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. “అన్నాన్ని తూచి తింటార్రా ఎక్కడైనా? అదేమన్నా బంగారమా?” అంది. బంగారాన్నయితే తూచాక తినక్కర్లేదు, ఆ విధంగా అదే సులువు.

ఆ వారమంతా అన్నానికే నా కోటా ఖర్చయిపోయింది. పొద్దున రెండిడ్లీ, రాత్రి మజ్జిగ, అయినా లెక్క ఎర్రగానే ఉంది. ఎనిమిదో రోజున దొరికింది తప్పు: వండిన అన్నాన్ని తూచి, బియ్యం కింద పద్దు రాశాను. బియ్యం వంద గ్రాములకి దాదాపు 350 కేలరీలు. అదే బియ్యం ఉడికి నీళ్లు తాగి రెండున్నర, మూడింతలైతే వంద గ్రాముల అన్నానికి 140 దాటవు. అంటే వారంపాటు బిందెల కొద్దీ నీళ్లను బియ్యంగా లెక్కేసి, వాటిని తిన్న పాపానికి పస్తున్నానన్నమాట. ఆఫీసులో ఈ పని చేసి ఉంటే మెమో ఇచ్చేవారు.

కూరల దగ్గర అసలు విచారణ మొదలైంది. వంటకం మొత్తం ఎక్కించి, ఎంతమందికో చెబితే మీ వాటా నేను తేలుస్తానంటుంది యాప్. అమ్మని కూర్చోబెట్టి అడిగాను.

“వంకాయ కూరలో నూనె ఎంత వేశావమ్మా?”

“సరిపడా.”

“సరిపడా అంటే ఎన్ని స్పూన్లు?”

“వంకాయ ఎంత పీలిస్తే అంత.”

“ఎంతమందికి చేశావు?”

“ఎవరొస్తే వాళ్లకి.”

సాక్షి అబద్ధమాడలేదు. ఒక్క అంకె కూడా ఇవ్వలేదు. ఆ కూర నా ఖాతాలో ఇప్పటికీ లెక్క తేలని సస్పెన్సు పద్దుగానే ఉంది.

శాస్త్రం మనల్ని పట్టించుకోలేదని అనను. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక్క గదితో మొదలై 1958లో హైదరాబాదుకి వచ్చింది. 2017లో 528 ఆహారాలను పరీక్షించి పట్టికలు వేశారు. తెరిచి చూశాను. శక్తి కిలోజౌళ్లలో ఉంది, కేలరీ కావాలంటే 4.184తో భాగించుకోవాలి. అది పెద్ద పని కాదు. కానీ వంకాయ గురించి వాళ్లు చెప్పింది వంకాయ గురించే, మా అమ్మ గురించి కాదు.

మా అబ్బాయి ఇంకో ఉపాయం చెప్పాడు: ఫొటో తీస్తే చాలు, యాప్ దానంతటదే గుర్తుపడుతుందని. ఉలవచారులో మీగడ వేసుకుని ఫొటో తీశాను. హాట్ చాక్లెట్ అంది. కృష్ణా జిల్లాలో పుట్టినవాడికి ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి. పెసరట్టు అని వెతికితే పదకొండు జవాబులు వచ్చాయి, 90 నుంచి 310 దాకా, ఎవరి అట్టు వాళ్లే ఎక్కించినట్టున్నారు. నేను 90 ఎంచుకున్నాను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్నారు పెద్దలు. ఇక్కడ వడ్డించేవాణ్ణీ నేనే, లెక్క రాసేవాణ్ణీ నేనే, ఆడిటర్నీ నేనే. ఏ సంస్థలోనైనా ఈ మూడూ ఒకే కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో అదే అయింది: కాగితం మీద నేను చిక్కిపోయాను.

బిస్కెట్ల పొట్లానికి మాత్రం ఏ చిక్కూ లేదు. వెనకున్న గీతలు ఫోనుకి చూపిస్తే రెండు సెకన్లలో పని అయిపోతుంది. గోంగూర పచ్చడి పద్దు రాయడానికి అరగంట. ఈ లెక్కన మనిషి ఆరోగ్యం కోసం యాప్ పెట్టుకుని, బద్ధకం కోసం పొట్లాలకి మారడం ఖాయం. నేను ఫిబ్రవరిలో మూడు వారాలు మారాను కూడా. పద్దులన్నీ శుభ్రంగా ఉన్నాయి, కడుపు తప్ప.

వరసలో సంక్రాంతి ముందు రావాలి, కానీ ధైర్యం చాలక వెనక్కి నెట్టాను. కోనసీమలో మా అత్తగారిల్లు. అరిసెని నూనెలోంచి తీసి చెక్కల మధ్య పెట్టి నొక్కుతున్నారు, నూనె కారుతోంది. పీల్చిన నూనెని ఖర్చు రాసి, కారినదాన్ని వాపసు కింద జమ చేయాలా? యాప్‌లో వాపసు లేదు. పూతరేకు అని కొట్టాను. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. భారత ప్రభుత్వం గుర్తించినదాన్ని నా ఫోను గుర్తించలేదు, కాగితం తింటున్నారా అన్నట్టు చూసింది. ఈలోగా అత్తగారు సున్నుండల పళ్లెంతో వచ్చారు.

“అల్లుడుగారూ, ఇంకొక్కటి.”

“వద్దండీ, లెక్క అయిపోయింది.”

“లెక్కేమిటండీ, మన ఇల్లే కదా!” అని రెండు వేశారు. ఆవిడ భాషలో ఒకటి అంటే రెండు, చాలు అంటే మొహమాటం, వద్దు అంటే నెయ్యి తగ్గిందని.

ఇదిగో, వ్యవస్థలోని లోపం ఇక్కడ పట్టుబడింది. తినేవాడే ఎంత తినాలో నిర్ణయిస్తాడని ఆ యాప్ చేసినవాళ్లు నమ్మారు. మన దగ్గర ఆ అధికారం తినేవాడి చేతిలో ఎన్నడూ లేదు, వడ్డించేవాళ్ల దగ్గర ఉంది. కాబట్టి ఏం తిన్నారు, ఎంత తిన్నారు అన్న గడుల పక్కన, ఎవరు వడ్డించారు అన్న గడి తక్షణం చేర్చాలని డిమాండ్ చేస్తున్నాను. సొంతంగా వడ్డించుకుంటే ఉన్నది ఉన్నట్టు. భార్య అయితే ముప్పావు (రక్తపరీక్ష కాగితం ఆవిడ దగ్గరే ఉంది). అమ్మ అయితే ఒకటిన్నర. అత్తగారైతే రెట్టింపు, పండగ రోజు సర్‌చార్జీ అదనం. అప్పటికీ మే నెలలో కొత్తావకాయ కలిపిన రోజుకి ఏ గడీ చాలదు. పచ్చడి జాడీకెత్తాక, ఆ బేసిన్లో మిగిలిన ఎర్రటి గుజ్జులో వేడన్నం, నెయ్యి వేసి కలిపి, అమ్మ వరసగా అందరి చేతుల్లో ముద్దలు పెడుతుంది. త్రాసు తెచ్చేలోపు చేయి ఖాళీ అవుతుంది. బేసిన్ తూచి తేడా తీద్దామా అంటే, మా చిన్నాన్న అప్పటికే వేలితో అంచులు ఊడ్చేశాడు.

మొన్న కార్తీక సోమవారం ఉపవాసం. పొద్దున కాఫీ, మధ్యాహ్నం ఒక అరటిపండు. పదకొండు నెలల్లో మొదటిసారి లెక్క పైసాతో సహా కుదిరింది. సంబరంగా రోజు ముగించు అన్న బొత్తాం నొక్కాను. ఎర్రటి అక్షరాలతో హెచ్చరిక వచ్చింది: ఈ రోజు మీరు చాలా తక్కువ తిన్నారు, ఇది మీ ఆరోగ్యానికి మంచిది కాదు.

అమ్మకి చదివి వినిపించాను. నక్షత్రాలు కనపడ్డాయేమో చూడటానికి డాబా మీదకి వెళుతోందల్లా ఆగింది.

“చూశావా, ఆ ఫోనుకైనా ఉంది జాలి. దాన్ని చేసినావిడ ఎవరోగాని పిల్లల తల్లయి ఉంటుంది. పద, కంచం పెడతా.”