సర్వేవాళ్లు వస్తే తలుపు వేసేయమంటున్న ఆ మెసేజ్ గురించి

ఒడిశాలోని మా బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. బాగా చదువుకున్నవాళ్లే పంపుతున్నారు. నాకు ఒళ్లు మండుతున్నది అందుకే. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో మెర్కాటస్ సెంటర్ అని ఒక పాలసీ పరిశోధన కేంద్రం ఉంది. అది జనం పన్నుల సొమ్ముతో నడుస్తుంది. దాన్ని చార్లెస్ కోక్ అనే కోటీశ్వరుడు కొనేశాడు. డబ్బిచ్చినవాడు ఏది కోరితే రిపోర్టులో అదే రాస్తారు. మన దేశంలోనూ అంతే. కాబట్టి యూనివర్సిటీ పేరు చెప్పి సర్వేకి ఎవరొచ్చినా తలుపు వేసేయండి, లేదంటే నోటికొచ్చిన సమాధానం చెప్పి పంపేయండి.

పన్నుల సొమ్ము మాట అబద్ధం. మెర్కాటస్ ఆ యూనివర్సిటీ నుంచి గానీ, ఏ ప్రభుత్వం నుంచి గానీ నిధులు తీసుకోదు. ఫౌండేషన్లు, వ్యక్తులు, కంపెనీలు ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. అయినా ఒక లైనులో పన్నుల సొమ్మని, తర్వాతి లైనులో కోటీశ్వరుడి సొమ్మని రాస్తే, పంపేముందు ఒక్కరికైనా అనుమానం రాలేదా?

కోక్ సంగతి మాత్రం కొట్టిపారేయలేను. ఆయన ఏళ్ల తరబడి ఆ సెంటర్ బోర్డులో ఉన్నారు, ఆయన ఫౌండేషన్ పెద్ద దాత. 2018లో ఆ యూనివర్సిటీ పాత విరాళ ఒప్పందాలు కొన్ని బయటపడ్డాయి. 2003 నుంచి 2011 మధ్య కుదిరిన వాటిలో, ఫలానా ప్రొఫెసర్‌ని ఎంచుకోవడంలోనూ, ఆయన పని ఎలా ఉందో చూడటంలోనూ దాతలకి నోరెత్తే అవకాశం ఇచ్చారు. అవి విద్యా స్వేచ్ఛకి తగినట్టు లేవని అప్పటి అధ్యక్షుడు ఆంజెల్ కాబ్రెరానే ఒప్పుకున్నారు. ఒప్పందాలు చూపించమని విద్యార్థులు కోర్టుకెక్కితే, విరాళాలు తీసుకునే యూనివర్సిటీ ఫౌండేషన్‌కి సమాచార చట్టం వర్తించదని 2019లో ఆ యూనివర్సిటీ ఉన్న వర్జీనియా రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇది సిగ్గుపడాల్సిన విషయమే. మెసేజ్ రాసినవాళ్లు ఇక్కడితో ఆగి ఉంటే నేనే నలుగురికి పంపేదాన్ని.

ఆగలేదు. దాత కోరిందే రిపోర్టులో వస్తుందట. 2018 జూలైలో అదే మెర్కాటస్‌లో చార్లెస్ బ్లహౌస్ అనే పరిశోధకుడు ఒక అధ్యయనం రాశారు. మెడికేర్ అంటే అక్కడ ముఖ్యంగా వృద్ధులకి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా. సెనేటర్ బెర్నీ సాండర్స్ చెప్పే అందరికీ మెడికేర్ పథకం పెడితే పదేళ్లలో అమెరికా ప్రభుత్వ ఖర్చు సుమారు 32.6 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని అందులో లెక్క తేలింది. అదే అధ్యయనంలోని ఇంకో పట్టిక తీసి సాండర్స్ ఏం చూపించారు? ప్రభుత్వమూ జనమూ కలిపి వైద్యానికి పెట్టే మొత్తం ఖర్చు సుమారు 2 లక్షల కోట్ల డాలర్లు తగ్గుతోందని. డాక్టర్లకీ ఆసుపత్రులకీ ప్రైవేటు బీమా కన్నా తక్కువైన మెడికేర్ రేట్లే ఇస్తేనే అలా అవుతుంది, అది జరిగే పని కాదని బ్లహౌస్ వాదన. ఎవరిది సబబో వాళ్లు వాదించుకోనీ. లెక్కలన్నీ బయట పెట్టారు కాబట్టే ఎదుటిపక్షం వాటినే తిప్పి వాడుకోగలిగింది. డబ్బు ఎవరిచ్చారో తప్పకుండా అడగాలి. అడిగాక పట్టికలు కూడా చదవాలి.

మన దేశంలోనూ అంతే అన్నదానికి ఎక్కువ మాటలక్కర్లేదు, ఇక్కడి పద్ధతి వేరు. భువనేశ్వర్‌లోని నవకృష్ణ చౌధురి అభివృద్ధి అధ్యయన కేంద్రాన్ని 1987లో పెట్టింది ఒడిశా ప్రభుత్వం, కేంద్ర ప్రభుత్వ సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి ఐసీఎస్ఎస్ఆర్ కలిసి. విదేశీ విరాళాలకి 2010 చట్టం ఉంది, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి.

అసలు హాని చేసేది ఆ చివరి సలహా.

మా పక్కింటి పిన్నిగారింటికి ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి సర్వేకి వచ్చింది. ఇంట్లోవాళ్లు ఎవరైనా బయట రాష్ట్రంలో పని చేస్తున్నారా అని అడిగింది. మెసేజ్ చదివి ఉన్న పిన్నిగారు ఎవరూ లేరన్నారు. పెద్దబ్బాయి సూరత్‌లో మగ్గాల మీద ఉన్నాడు! లేరు అని నొక్కగానే ట్యాబ్‌లో తర్వాతి ప్రశ్నలన్నీ దాటిపోయాయి. అబ్బాయి ఎంత పంపుతున్నాడు, అక్కడ రేషన్ దొరుకుతుందా, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఒక్కటీ అడగలేదు. ఆ అబ్బాయి గురించే కదా ఆ ప్రశ్నలన్నీ!

2020లో సూరత్ నుంచి మన గంజాం జిల్లా వాళ్లు వేలమంది ఎలా తిరిగొచ్చారో మనం కళ్లారా చూశాం. ఆ లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కూలీలు చనిపోయారో తమ దగ్గర లెక్క లేదని కేంద్ర కార్మిక శాఖ ఆ సెప్టెంబర్‌లో పార్లమెంటుకే చెప్పింది. 2021లో రావాల్సిన జనాభా లెక్కలు ఆ ఏడు జరగనే లేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పని గుజరాత్‌లో అన్నట్టుండే మన ఇళ్ల సంగతి ఇలాంటి సర్వేల్లో కూడా రాకపోతే ఇంకెక్కడ వస్తుంది? ఎక్కడో వర్జీనియాలో దాత ఒప్పందం బాగాలేదని ఇక్కడ మన పిల్లల పేర్లు మనమే కొట్టేసుకోవాలా? ఏం న్యాయం ఇది?

భయం ఉంటే అడగండి. ఏ యూనివర్సిటీ, సర్వేకి డబ్బెవరిది, గుర్తింపు కార్డు ఏది అని గుమ్మంలోనే అడగండి. చెప్పకపోతే పంపేయండి. ఆధార్ నంబరు, ఓటీపీ, బ్యాంకు ఖాతా ఎవరికీ ఇవ్వొద్దు. ఇష్టంలేని ప్రశ్నకి చెప్పను అనండి, చెప్పలేదు అని రాసుకుంటారు. అబద్ధం చెబితే మాత్రం అది నిజమైన జవాబుల్లో కలిసిపోతుంది, తర్వాత దాన్ని ఏరడం కష్టం. కొన్ని ఇళ్లకి సూపర్‌వైజర్లు రెండోసారి వచ్చి సరిచూస్తుంటారు. ఈ మెసేజ్ నమ్మి ఇప్పటికే తప్పు చెప్పినవాళ్లుంటే, అప్పుడైనా మీ అబ్బాయి సూరత్‌లో ఉన్నాడని చెప్పండి.