సూది వైద్యుల పూర్వాశ్రమం

నా మెడ నొప్పికి ఆక్యుపంక్చర్ సూదులు వేయించుకుంటున్నానని తెలిసిన రోజు మా మామగారు తగ్గిందా అని అడగలేదు. "ఆ డాక్టరు అంతకుముందు ఏం చేసేవాడు బాబూ?" అన్నారు.

ఆయన ఇరిగేషన్ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరై, ఆర్నెల్లు ఉందామని కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఇంటికి వచ్చారు. ఏ మనిషినైనా సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ నుంచి చదివితే గానీ ఆయనకు తృప్తి ఉండదు.

"ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు చూసేవాడట మామయ్యగారూ. నడుం పట్టేసిందట. సూదులతో తగ్గిందట. ఉద్యోగం మానేసి ఇదే చదువుకున్నాడట."

నాలుగు 'అట'లూ విని ఆయన కాసేపు సీలింగు వైపు చూశారు. "మా ఊరి ఆర్‌ఎంపీ నయం. ముందు కాంపౌండరుగా చేశాడు. సూదితో కనీసం ముఖపరిచయం ఉంది."

నా వైద్యుడి పరువు నా పరువే కాబట్టి ఆ రాత్రే ఈ శాఖవారి పూర్వాశ్రమాల మీద పరిశోధన మొదలుపెట్టాను. మామగారు లోపం అనుకున్నదే ఇక్కడ అసలు అర్హత అని తేలింది. వేరే దారిలో బయల్దేరి, అక్కడ బోల్తా పడి, దుమ్ము దులుపుకుని లేచినవాళ్లే పదిహేడు వందల ఏళ్లుగా ఈ విద్యను మోసుకొస్తున్నారు.

సూది వైద్యం మీద చైనాలో తొలి పెద్ద గ్రంథం రాసిన హువాంగ్‌ఫు మీ (215–282) ఇరవై ఏళ్లు వచ్చేదాకా బలాదూరుగా తిరిగినవాడు. నలభైలు దాటాక జబ్బు పడితే, తన ఒళ్లు తానే బాగు చేసుకుందామని పుస్తకాలు తిరగేశాడు. మా ఇన్సూరెన్సాయన కథే ఇది. క్లెయిములు తప్ప అన్నీ సరిపోతాయి.

ఇక లీ షిజెన్ (1518–1593). తండ్రి వైద్యుడు. ఆ వృత్తిలో ఏం గౌరవం ఉంది, నా కొడుకు ఆఫీసరు కావాలి అని ఆ తండ్రి పట్టుబట్టాడు. కొడుకు ప్రభుత్వ పరీక్ష మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ తప్పాడు. అప్పుడు గానీ మూలికల జోలికి వెళ్లలేదు. తర్వాత 1,892 మందులతో, 52 సంపుటాలతో ఆయన రాసిన ఔషధ గ్రంథం చైనా వైద్యానికి పెద్దబాలశిక్ష అయింది. నాలుగోసారి రాసి పాసై ఉంటే ఆ జిల్లాకి ఒక తాసిల్దారు పెరిగేవాడు, అంతే. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఐదో అటెంప్టుకి చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పొద్దని మామగారు నా దగ్గర మాట తీసుకున్నారు.

నాకు అందరికంటే నచ్చినవాడు జపాన్‌కు చెందిన సుగియామా వాయిచి (1610–1694). చిన్నప్పుడే చూపు పోయింది. సూది వైద్యం నేర్చుకోబోతే, నీకు బుర్రకెక్కడం లేదు పొమ్మని గురువు పంపేశాడు. ఎనోషిమా దీవిలో దేవతను వేడుకుని తిరిగొస్తూ రాయి తగిలి పడ్డాడనీ, చేతికేదో గుచ్చుకుంటే తడిమి చూసుకున్నాడనీ, అది చుట్టుకున్న ఆకులో ఇరుక్కున్న పైన్ చెట్టు ఆకు, అచ్చం సూదిలాంటిదనీ కథ. గొట్టంలో పెట్టి గుచ్చితే సూది వంగదని అక్కడే తట్టిందట. తర్వాత అప్పటి జపాన్ పాలకుడు, షోగన్ ట్సునయోషికి వైద్యం చేస్తే, ఏం కావాలో కోరుకో అన్నాడట షోగన్. "ఒక కన్ను" అన్నాడు. షోగన్ తీరిగ్గా ఆలోచించి, రాజధానిలో 'ఒంటికన్ను' అనే పేరున్న పేటలో ఇంటిస్థలం రాసిచ్చాడు. అర్జీని అక్షరాలా మంజూరు చేయడమంటే ఇదీ అని మామగారు ఈ ఒక్క చోట మెచ్చుకున్నారు.

కథ సంగతి ఎలా ఉన్నా గొట్టం మాత్రం నిజం. మా ఇన్సూరెన్సాయన కాగితం కవరు చింపి, సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని నా మెడ మీద ఆనిస్తాడు. గొట్టం పైన సూది పిడి కాస్త, బియ్యపుగింజలో సగమంత, తేలి ఉంటుంది. దాన్ని చూపుడువేలితో టక్కున తడతాడు. దోమ కుట్టిందా లేదా అని అనుమానం వచ్చేంత. చూపున్న డాక్టర్లెందరో మూడు శతాబ్దాలకు పైగా ఒక అంధుడి గొట్టం పట్టుకుని గుచ్చుతున్నారు. జపాన్‌లో అంధుల బడుల్లో ఈ విద్య ఇప్పటికీ నేర్పుతారు.

పాశ్చాత్యుల దగ్గరికి వచ్చేసరికి పూర్వాశ్రమాలు మరీ రంగులమయం. ఫ్రాన్సులో ఈ వైద్యానికి గొంతు ఇచ్చిన జార్జ్ సూలియే ద మొరాన్ చైనాలో ఫ్రెంచి కాన్సులేటు ఉద్యోగి. ఒంట్లో ప్రాణశక్తి ప్రవహించే దారులకు 'మెరిడియన్' అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చింది ఈయనే. భూగోళం మీద గీతలకున్న పేరు తెచ్చి మన కాళ్ల మీద, చేతుల మీద గీయాలంటే దౌత్యవేత్తకే చేతనవుతుంది.

అమెరికాలో అయితే తలుపు తీసింది గ్యాస్ ట్రబుల్. 1971 జూలైలో బీజింగ్ వెళ్లిన న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. మామూలు మత్తు ఇచ్చే చేశారు. రెండో రోజు రాత్రి పొట్ట ఉబ్బరిస్తే కుడి మోచేతి దగ్గర, మోకాళ్ల కింద మూడు సూదులు గుచ్చారు. ఆయన ఆ సంగతి పేపర్లో రాశాడు. జనం మాత్రం ఆపరేషనే సూదులతో చేశారని చెప్పుకున్నారు, ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఒక దేశపు వైద్య చరిత్ర మలుపు తిరగడానికి కారణం ఒకరి కడుపుబ్బరం అంటే, వాము నీళ్ల జాతికి చెందిన మామగారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

ఆ తర్వాత న్యూయార్క్ బ్రాంక్స్‌లోని లింకన్ ఆసుపత్రిలో హెరాయిన్ వ్యసనపరుల చెవులకు సూదులు పెట్టినవాళ్లలో ముఖ్యుడు ముతులు షకూర్, నల్లజాతి విప్లవకారుడు. ర్యాప్ గాయకుడు టుపాక్‌కు సవతి తండ్రి. తర్వాత 1981 నాటి ఒక దోపిడీ కేసులో దశాబ్దాలు జైల్లో ఉన్నాడు. "రిజిస్టరులో ఈ పేజీ చింపేయ్ బాబూ" అన్నారు మామగారు.

మా ఇంటి నుంచి డంబార్టన్ వంతెన దాటితే పాలో ఆల్టో. అక్కడ మిరియం లీ అనే చైనా మహిళ ఫ్యాక్టరీలో పనిచేస్తూ మిగతా వేళల్లో సూదులు వేసేది. 1974లో లైసెన్సు లేదని అరెస్టు చేశారు. రోగులు కట్టగట్టుకుని విచారణకు వచ్చి మా డాక్టరమ్మను వదలమన్నారు. లైసెన్సు ఎలా ఉంటుంది, అప్పటికి కాలిఫోర్నియాలో అలాంటి లైసెన్సే లేదు! తర్వాత చట్టం మారి 1976లో లైసెన్సు వచ్చింది. ఆ చట్టం పుణ్యమాని ఈ రోజు నా డాక్టరు గోడ మీద ఫ్రేము వేలాడుతోంది.

మామగారు ఊరడిల్లుతారని మన దేశం సంగతీ వెతికాను. 1938లో చైనా వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో, డాక్టర్ కోట్నీస్‌తో పాటు, బి.కె. బసు ఒకరు. యాభైల చివర్లో మళ్లీ అక్కడికి వెళ్లి ఈ విద్య నేర్చి కలకత్తా తెచ్చారు. "హమ్మయ్య, ఒక్కడు అసలు డాక్టరు!" అని మామగారు మంచినీళ్లు తాగారు.

నా దగ్గర బ్రహ్మాస్త్రం ఇంకా ఉంది. జర్మనీలో 1,162 మంది నడుం నొప్పివాళ్లను మూడు గుంపులు చేసి పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. శాస్త్రప్రకారం సూదులు వేసినవాళ్లలో 47.6 శాతానికి గుణమిచ్చింది. శాస్త్రంలో లేని చోట్ల పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతానికి. మందులు, వ్యాయామం ఇచ్చినవాళ్లలో 27.4 శాతానికి. సూది ఎక్కడ దిగినా పెద్ద తేడా లేనప్పుడు, గుచ్చేవాడు ఎక్కడినుంచి వచ్చాడన్న పట్టింపు మనకెందుకు? ఈ తర్కానికి మామగారి దగ్గర జవాబు లేదు. దాన్ని నేను గెలుపుగా రాసుకున్నాను.

మొన్న ఆరో సిట్టింగు. నాలుక చాపమని చూశాడు, మూడు వేళ్లతో నాడి పట్టాడు. "టెన్షన్ ఎక్కువగా ఉంది, ఏం పని మీది?" అన్నాడు. సాఫ్ట్‌వేర్, టెస్టింగ్, ఈ మధ్య టీంలో సగం మందిని తీసేశారు అన్నాను. ఆయన నాడి వదిలి, నా మొహంలోకి ఆప్యాయంగా, తమ్ముణ్ణి చూసినట్టు చూశాడు. వెళ్లేటప్పుడు ఒక రంగుల బ్రోచర్ చేతిలో పెట్టాడు. మూడేళ్ల కోర్సు, సాయంత్రం బ్యాచ్ కూడా ఉందట.

దాన్ని డైనింగ్ టేబుల్ మీద మర్చిపోయాను. రాత్రి మామగారు కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివారు. మడిచి నా వైపు తోశారు.

"కంపెనీలో అంతా బాగానే ఉంది కదా బాబూ?"

"బాగానే ఉందట మామయ్యగారూ."