ఆధునికీకరణ పంట బోదెల నుంచి మొదలు కావాలి

కృష్ణా డెల్టా ఆధునికీకరణ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ చర్చ ప్రధాన కాలువల కాంక్రీటు లైనింగ్ దగ్గరే ఆగిపోతోంది. విజయవాడ నడిబొడ్డున పారే బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్లు అందరి కంటా పడతాయి కాబట్టి నిధులు ముందు అటే మళ్లుతున్నాయి. పారే నీటితో పోల్చి చూస్తే నష్టం అధికంగా ఉండేది మాత్రం మైనర్లనే చిట్టచివరి పిల్లకాలువల్లోను, వాటి నుంచి పొలాలకు నీరందించే పంట బోదెల్లోను.

దీనికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. కాలువ చిన్నదయ్యే కొద్దీ, అందులో పారే నీటి పరిమాణంతో పోలిస్తే ఆ నీటికి తగిలే మట్టి ఎక్కువ. పైగా వంతులవారీగా నీరిచ్చే బోదె మధ్యలో ఎండి, నల్లరేగడి నెర్రెలిచ్చి, మళ్లీ నీరు వదిలినప్పుడు మొదటి పారకమంతా ఆ నెర్రెలు నింపడానికే సరిపోతుంది. ఎండ్రకాయలు, పందికొక్కులు తొలిచిన గట్ల నుంచి నీరు మురుగు కాలువలోకి జారిపోతూనే ఉంటుంది. షట్టరు తుప్పుపట్టి కదలని తూము దగ్గర రైతులు గడ్డిమోపులు, ఇసుక బస్తాలు అడ్డం వేసి నీటిని మళ్లించుకుంటారు. ఆ అడ్డుకట్ట వెనక పూడిక పేరుకుంటుంది, తూటికాడ అల్లుకుంటుంది, దిగువన నాగాయలంక, నిజాంపట్నం వైపు చివరి భూముల రైతు నారుమడి ఎండుతుంటే ఆకాశం కేసి చూస్తాడు.

ఇందులో అన్యాయం ఎంత లోతైనదో నీటి లెక్కలు చూస్తే తెలుస్తుంది. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రైబ్యునల్ డెల్టాకు 181.2 టీఎంసీలు కేటాయించింది. ఆధునికీకరణతో 29 టీఎంసీలు ఆదా అవుతాయన్న అంచనాతో ఉమ్మడి రాష్ట్రంలో ఆ వాటాను 152.2 టీఎంసీలకు కుదించి, ఆదా అయ్యే నీటిలో 20 టీఎంసీలను పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతంలోని భీమా ఎత్తిపోతలకు, 9 టీఎంసీలను పులిచింతల జలాశయం ఆవిరి నష్టాలకు చూపించారు. పాలమూరు రైతుకు నీరివ్వడాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఆదా కావాల్సిన నీటిని ముందుగానే లెక్కల్లో ఖర్చు రాసేసి, ఆదా చేయాల్సిన బోదెలను మట్టిలోనే వదిలేయడం డెల్టా చివరి రైతుకు చేసిన ద్రోహం.

ఇంకిన నీరు భూగర్భ జలంగా మారి బోర్లలో మళ్లీ దొరుకుతుంది కదా అని కొందరు నిపుణులు వాదిస్తారు. ఎగువ ప్రాంతాల్లో అది కొంతవరకు నిజమే. సముద్రతీర మండలాల్లో భూగర్భ జలం ఉప్పుబారిన చోట ఇంకిన మంచినీరు పంటకు తిరిగి రాదు. అక్కడ లైనింగ్ గానీ, గట్టిగా దిమ్మిస కొట్టిన బంకమట్టి పూత గానీ వేయక తప్పదు. నల్లరేగడిలో మాత్రం నేరుగా కాంక్రీటు పోస్తే, మట్టి ఉబ్బినప్పుడు పలకలు పగిలిపోతాయి. వాటి వెనక ఉబ్బని మట్టి పొర వేయాలన్నది ఇంజనీర్లకు తెలిసిన విషయమే, అంచనాల్లో ఖర్చు తగ్గించేటప్పుడు మొదట కోత పడేది ఆ పొరకే.

అసలు లోపం మరమ్మతు ఎవరి చేతిలో ఉందన్న దగ్గర ఉంది. కాలువలు కట్టేసిన వేసవి నెలల్లో సాగాల్సిన పని, అనుమతులు వచ్చేసరికి జూన్ ముంగిట పడుతుంది. హడావుడిగా తీసిన పూడికను గట్టు మీదే పోస్తారు, తొలకరికి అది మళ్లీ బోదెలోకే జారుతుంది. సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకే అప్పగిస్తూ 1997లో చట్టం చేసిన రాష్ట్రం మనది. 2024 డిసెంబరులో సాగునీటి సంఘాలకు ఎన్నికలు కూడా జరిగాయి. అయినా నిధుల మీద అధికారం లేని సంఘం, మైనరుకో లస్కరు (కాలువ నీటిని చూసుకునే కాపలాదారు) కూడా లేని సంఘం ఏం చేయగలదు? గ్రామ పంచాయతీల నుంచి నీటి సంఘాల దాకా స్థానిక సంస్థలకు బాధ్యత అప్పగించి డబ్బు మాత్రం పైనే ఉంచుకునే అలవాటును ప్రభుత్వాలు మానుకోవాలి. రైతులు కట్టే నీటి తీరువా (నీటి పన్ను)లో వాటాను అదే ఏడాది నేరుగా సంఘం ఖాతాలో జమ చేయాలి, లస్కర్లను తిరిగి నియమించాలి. ప్రతి మైనరు తలదగ్గర, చివర నీటి మట్టం కొలిచే గేజీలు పాతి, రోజూ వచ్చిన నీటినీ చేరిన నీటినీ సంఘం కార్యాలయం గోడ మీద రాయాలి. వచ్చే వేసవిలో ఏ బోదెకు ముందు పని మొదలవ్వాలో ఆ లెక్కలు చూసి రైతులే నిర్ణయించాలి.